ముందు అరుగుదల చూడు, తర్వాతే పొడి

అమ్ములూ,

లేజర్ క్లాడింగ్ మీద, అంటే లోహపు పొడిని లేజర్‌తో కరిగించి పూత వేసే పని మీద, ప్రాజెక్టు తీసుకున్నావని అమ్మ చెప్పింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది పూత గట్టిదనం ఎంత అని. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది: ఆ భాగం దేనివల్ల అరుగుతోంది?

ఆవిరి వాల్వుల సీట్లనే తీసుకో. వాటిమీద వేసే స్టెల్లైట్ 6 కోబాల్ట్ మిశ్రలోహం. అందులో దాదాపు 28 శాతం క్రోమియం. దాని గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలుపై 40 చుట్టుపక్కలే. గట్టిపరచిన టూల్ స్టీలు 60 దాకా వెళ్తుంది. అయినా వేడిలో లోహంతో లోహం రాసుకునే చోట నిలబడేది స్టెల్లైటే.

ఇసుక, ఖనిజం గీరే చోట కథ వేరు. అక్కడ నికెల్‌లో పొదిగిన టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులు కావాలి. వాటితో జాగ్రత్త. లేజర్ వేడి ఎక్కువైతే కార్బైడ్ కరిగి నికెల్‌లో కలిసిపోతుంది, పూత పెళుసుబారుతుంది. పైగా వాటి సాంద్రత నికెల్‌ కంటే చాలా ఎక్కువ. కరిగిన లోహంలో అడుక్కి దిగిపోతాయి. అరిగే పైభాగంలో రక్షణ తగ్గుతుంది.

అడుగు ఉక్కు పూతలో ఎంత కలిసిందో చెప్పేది డైల్యూషన్. మంచి క్లాడింగ్‌లో అది 5 శాతం దగ్గర ఉంటుంది. పెరిగితే ఖరీదైన పొడిలోకి ఇనుము చేరి గుణం పలచబడుతుంది. మరీ తగ్గితే పూత పట్టుకోదు. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అయితే ముందే వేడిచెయ్యి. లేకపోతే పూత కింద ఉక్కు చటుక్కున చల్లారి పెళుసైన మార్టెన్‌సైట్‌గా మారి పగులుతుంది.

హైడ్రాలిక్ రాడ్ల మీద ఇన్నాళ్లూ హార్డ్ క్రోమ్ పూతదే రాజ్యం. దాని తొట్టిలోని హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం కావడంతో యూరప్‌లో ఆంక్షలు బిగిశాయి. జర్మనీలో ఆహెన్ నగరంలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ తెచ్చిన అతివేగ లేజర్ క్లాడింగ్ పద్ధతి అక్కడ అక్కరకొచ్చింది. అందులో పొడి కరిగిన లోహపు మడుగులో పడకముందే కిరణంలో కరుగుతుంది. కాబట్టి నిమిషానికి ఒకటి రెండు మీటర్లు నడిచే పని వందల మీటర్ల వేగం అందుకుంది. పొర కూడా మిల్లీమీటరులో పదో వంతుకు దిగింది.

పూత వేశాక ముక్క కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోపు కింద పగుళ్లు, రంధ్రాలు చూడు. పైనుంచి అడుగుదాకా గట్టిదనం కొలువు. ఇసుక అరుగుదలకు ఏఎస్‌టీఎం జీ65 పరీక్ష చెయ్యి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో లేజర్ విభాగం ఉంది; మీ గైడు ద్వారా అడిగి చూడు.

ఈసారి ఉత్తరంలో అరిగిన భాగం ఫోటో, ఉక్కు గ్రేడు, అది పనిచేసే వేడి రాసి పంపు. పొడి సంగతి అప్పుడు చూద్దాం.

మామయ్య