ఏడిస్తే విశ్వాసం లేనట్టా?

సమస్య: నా వయసు 46. మా పెద్దబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ నిరుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆదరణ కూడిక నాటి నుంచి అందరిదీ ఒకటే మాట. ‘ఏడవకమ్మా, యోబు ఎలా తట్టుకున్నాడో చూడు. దేవుడు తన తోటలో మంచి పువ్వు కోసుకున్నాడనుకో’ అంటారు. చర్చిలో పాట ఎత్తుకోబోతే గొంతు పూడుకుపోతోంది. మోకరిస్తే ‘ఎందుకు ప్రభువా?’ తప్ప మరో మాట రావడం లేదు. మావారు వాడి పేరే ఎత్తరు. దేవుణ్ణి ఇలా అడగడం పాపమా? నా విశ్వాసం పోయిందేమోనని భయంగా ఉంది.

– ఒక తల్లి, తెనాలి

సలహా: పాపం కాదమ్మా. విశ్వాసం పోయినవాళ్లు ‘ప్రభువా’ అని పిలవరు.

యోబును చూడమన్నవారు మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయారు. మూడో అధ్యాయంలో, పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ తండ్రి తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. ఆ తర్వాత దేవుణ్ణే నిలదీశాడు. స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చున్నంతకాలం మేలే చేశారు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే గాయాన్ని కెలికారు. దేవుడు యోబునూ ప్రశ్నించాడు. అయితే చివరికి ఆయన కోపం రగిలింది మాత్రం ఆ స్నేహితుల మీదే.

88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు బేతనియలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. పునరుత్థానంలో మీ బాబును చూస్తానన్న నిరీక్షణ, ఈ రోజు వాడు లేడన్న ఏడుపు ఒకే గుండెలో ఉండొచ్చు. పువ్వు మాట బైబిల్లో లేదు. అది మీకు ఆదరణ ఇవ్వకపోతే వదిలేయండి.

పాట రాని ఆదివారం ఊరికే కూర్చోండి, మీ బదులు సంఘం పాడుతుంది. రాత్రిపూట 13, 42, 88 కీర్తనలు పైకి చదవండి. మీవారి మౌనం కూడా దుఃఖమే. ఈస్టరు తెల్లవారుజామున ఇద్దరూ కలిసి సమాధుల తోటకు వెళ్లండి. బాబు చేసిన అల్లరి ఒకటి మీరే ముందు గుర్తుచేయండి. నిద్ర, తిండి కరువైనా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వైద్యం చేయించుకుంటే విశ్వాసానికి లోటేమీ రాదు.

సంఘాల్లోని పెద్దలకు, సహోదరీలకు ఒక మనవి. ఏడ్చేవారితో కలిసి ఏడవమని పౌలు రోమా సంఘానికి రాశాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంటికి వెళ్లినప్పుడు వాక్యం చెప్పే ముందు కాసేపు ఆమె పక్కన కూర్చోండి. ఆ బిడ్డ పేరు మీరే ఎత్తండి.