ఆకాశయాత్ర: అభిలాషయు, అభ్యాసమును



పెద్దవారైన పిదప మీరేమి కాగోరుచున్నారని తరగతులయందు ప్రశ్నించినపుడు, వైద్యులము కాగోరుదుమనియు, ఉపాధ్యాయులము కాగోరుదుమనియు చెప్పువారు పెక్కుమంది. ఇటీవలి సంవత్సరములలో, వ్యోమగాములము కాదలచితిమని చెప్పు బాలబాలికలును కొందరు కానవచ్చుచున్నారు. అది వినిన తోడివారు నవ్వుదురు. ఇంటి పెద్దలు, "వాన చాలని యీ సీమలో పుట్టి ఆకాశమున కెగురుటయా!" యందురు. మేమీ కోరికను నవ్వదగినదిగా నెంచము. అయినను కోరిక యున్నంతమాత్రమున చాలదు. దానిని చదువుగా మార్చుకొనవలెను. కావున ఆకాశయాత్ర యననేమి, దానిని చేసినవారెవరు, దానికి మనమిచ్చటనుండియే యెట్లు సిద్ధపడవచ్చును అను మూడు సంగతుల నీ వ్యాసమున వివరింతుము.

మొదట దూరమును గూర్చి విచారింతము. సముద్రమట్టమునకు 100 కిలోమీటర్ల యెత్తును అంతరిక్షపు పొలిమేరగా పలువురు గ్రహించుచున్నారు. అమెరికావారు 50 మైళ్లను, అనగా సుమారు 80 కిలోమీటర్లను, ఎల్లగా నెన్నుదురు. మార్కాపురమునుండి గిద్దలూరునకు పక్షి యెగిరినట్లు తిన్నగా కొలిచినచో 50 కిలోమీటర్లకు కొంచెము మించును. అనగా గిద్దలూరునకు పోయి తిరిగివచ్చునంత దూరము నిలువుగా పైకి పోగలిగినచో అంతరిక్షమును చేరినట్లే. దూరము స్వల్పమే, కష్టమంతయు వేగమునందున్నది.

ఇచ్చట నొక తప్పుతలంపును తొలగింపవలసియున్నది. వ్యోమనౌకలోనివారు దూదిపింజలవలె తేలియాడుట చిత్రములయందు చూచి, అచ్చట భూమ్యాకర్షణము లేదని పలువురు వ్రాయుదురు. ఇది నిజము కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నది. భూమ్యాకర్షణము నేలమీద 100 పాళ్లనుకొన్నచో, ఆ యెత్తునగూడ దాదాపు 89 పాళ్లుండును. మరి వారేల తేలుచున్నారు? వారు నిరంతరము పడుచున్నారు గనుకనే. నౌకయు, అందలి మనుష్యులును, వారి చేతిలోని కలమును ఒకే తీరున పడుచుండుటచే ఒకదానిపై నొకటి బరువు మోపదు. త్రాడు తెగి, నీటితో నిండిన చేద బావిలోనికి పడునపుడు, అందలి నీరు చేద యడుగును నొక్కదు. ఇదియు నట్టిదే.

అటులైన వారు నేలను తాకకుండుటెట్లు? మేడమీదినుండి విడిచిన రాయి మొదటి సెకనున సుమారు 5 మీటర్లు పడును. భూమి గుండ్రముగా నుండుటచే, మనము తిన్నగా 8 కిలోమీటర్లు పోవునప్పటికి నేల మన దారికి 5 మీటర్లు క్రిందికి వంగియుండును. కనుక గాలి యడ్డుపడని యెత్తున సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగముతో పోవు వస్తువు 5 మీటర్లు పడునప్పటికి నేలయు నంతే తొలగిపోవును. ఆ వస్తువు పడుచునే యుండును, నేలను చేరదు. న్యూటను మహాశయుడు 17వ శతాబ్దముననే కొండమీది ఫిరంగిని దృష్టాంతముగా గొని యీ సంగతిని వివరించెను. మార్కాపురమునుండి గిద్దలూరు చేరుటకు ఆ వేగమున 7 సెకనులు చాలును.

ఇక యాత్ర చేసినవారిని గూర్చి. ఆకాశయాత్రలు రెండు విధములు. పైకి విసరిన రాతివలె పోయి వెంటనే దిగివచ్చునవి మొదటి విధము. భూమిచుట్టు తిరుగునవి రెండవ విధము. రష్యా దేశీయుడగు యూరీ గగారిను 1961 ఏప్రిలు 12వ తేదీన 108 నిమిషములలో భూమిని చుట్టివచ్చి యీ మార్గమునకు ప్రథముడయ్యెను. 1963లో తొలి మహిళగా పోయిన వలెంతీనా తెరిష్కోవా బట్టలమిల్లులో కూలిపని చేసిన యువతి. మన దేశీయులలో రాకేశ్ శర్మ 1984 ఏప్రిలులో ప్రథముడుగా వెడలి, దాదాపు 8 దినములు అంతరిక్షమున నుండెను. హైదరాబాదునుండి అమెరికాకేగిన తండ్రికి జనించిన రాజా చారి, 2021 నవంబరున ఒక నౌకకు నాయకుడై పోయి, 177 దినములకు దిగివచ్చెను. విజయవాడలో జన్మించిన తోటకూర గోపి 2024 మే 19న మొదటి విధమగు యాత్ర చేసెను.

వీరిలో బండ్ల శిరీష చరిత్రమును మీరు శ్రద్ధతో వినదగును. ఈమె ఆంధ్రదేశమున 1988లో జన్మించి, బాల్యముననే అమెరికాకేగి, హ్యూస్టను నగరమున పెరిగెను. చిన్ననాటినుండి వ్యోమగామి కావలెననియే యామె కోరిక. కాని కంటిచూపు నియమమునకు సరిపడనందున, విమానచోదకురాలై నాసా సంస్థలో వ్యోమగామి యగు దారి యామెకు మూసికొనిపోయెను. కళ్లజోడు పెట్టుకొనవలసివచ్చినదని దిగులుపడు పిల్లలు మన పాఠశాలలోను కలరు; వారిది గమనింతురుగాక. ఆమె కోరికను విడువలేదు, దారిని మార్చుకొనెను. పర్డ్యూ విశ్వవిద్యాలయమున విమాన, అంతరిక్ష యంత్రశాస్త్రమును చదివి, వర్జిన్ గెలాక్టిక్ అను సంస్థలో ఉద్యోగినియై, 2021 జూలై 11న న్యూ మెక్సికో రాష్ట్రమునుండి ఆ సంస్థవారి నౌకలో సుమారు 86 కిలోమీటర్ల యెత్తునకు పోయివచ్చెను.

ఆ యాత్రలో బరువు తెలియని కాలము కొలది నిమిషములే. కిటికీ వెలుపల నల్లని ఆకాశమును, వంపుదిరిగిన భూమియును కానవచ్చుచుండును. జీవితకాలపు కోరిక తీరు ఆ నిమిషములలో ఆమెకొక పనియుండెను. ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారి మొక్కలు కొన్ని గొట్టములలో నామెవెంట నుంచబడినవి. బరువు మారు సమయములందు ఒక్కొక్క గొట్టములోని ద్రవమును మొక్కలకు తగులునట్లు చేసి, ఆ క్షణమందలి వాని స్థితిని భద్రపరుపవలెను. చూడవలెనను ఆశ యొకవైపున, చేయవలసిన పని యొకవైపున నుండగా, ఆమె పనిని మరువలేదు. ఉత్సాహమునకిదియే పరీక్షయని మా యభిప్రాయము.

తల్లిదండ్రులకు మేమొక సంగతిని దాచక చెప్పవలసియున్నది. ఇది అపాయముగల మార్గము. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాయు, ఆమె సహచరులార్గురును తిరుగుప్రయాణమున నౌక విచ్ఛిన్నమై మరణించిరి. బయలుదేరునపుడు ఇంధనపు తొట్టినుండి విడివడిన నురుగుముక్క యొకటి రెక్కకు తగిలి చేసిన రంధ్రమే కారణమని విచారణలో తేలెను. కావుననే యీ విద్యలో చిన్నతప్పును చిన్నదని విడువరు. మన తీరమునందలి శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరినది. అచ్చటనే 2023 అక్టోబరు 21న, గగనయాన ప్రయత్నములో భాగముగా, ఆపదవేళ యాత్రికులను తప్పించు సాధనమును మనుష్యులు లేని నౌకతో పరీక్షించిరి. బయలుదేరుటకు 5 సెకనులుండగా కంప్యూటరు లోపమును శంకించి ఆపివేసెను. దేశమంతయు చూచుచుండెను. అయినను శాస్త్రజ్ఞులు తొందరపడక, కారణమును కనుగొని, సవరించి, ఆ యుదయమే 10 గంటలకు పంపిరి. నౌక సుమారు 17 కిలోమీటర్ల యెత్తున విడివడి, పారాషూటుల సాయమున సముద్రమున దిగెను. లెక్కలో నొక యంకె తప్పినపుడు సిగ్గుపడక మరల మొదటినుండి చేయు విద్యార్థి యీ యలవాటునే నేర్చుకొనుచున్నాడు.

మరి మన కరవుసీమకును ఈ విద్యకును సంబంధమేమి? అంతర్జాతీయ కేంద్రమునకు నీరు భూమినుండి మోసికొనిపోవలెను. అది మిక్కిలి వ్యయముగల పని. కావున అచ్చటివారి చెమటను, ఊపిరిలోని తేమను, మూత్రమును సయితము శుద్ధిచేసి మరల త్రాగుదురు. అందలి నీటిలో 98 పాళ్లు తిరిగి దక్కించుకొనగలిగితిమని నాసావారు 2023లో ప్రకటించిరి. బిందెలు వరుసబెట్టి ట్యాంకరుకొరకు ఎదురుచూచిన మన తల్లులకు బొట్టునీటి విలువ యెవరును బోధింపనక్కరలేదు. 2025 జూన్ 25న బయలుదేరి ఆ కేంద్రమును చేరిన తొలి భారతీయుడగు శుభాంశు శుక్లా, అచ్చట పెసలను, మెంతులను మొలకెత్తించు ప్రయోగమును గావించెను. ఇట్టి ప్రశ్నలకు సేద్యము నెరిగిన యింటి బిడ్డలకంటె తగినవారెవరు?

కావున పెద్దలారా, మీ బిడ్డ, విశేషించి మీ కుమార్తె, యిట్టి కోరికను తెలిపినపుడు నవ్వకుడు. పదవ తరగతితోనే చదువు మాన్పింపకుడు. వ్యోమగామి యగువాడు లక్షలలో నొక్కడు. కాని ఆ యొక్కనిని పంపుటకు యంత్రములు చేయువారు, లెక్కలు కట్టువారు, వైద్యులు, లోహములను అతుకువారు వేలకొలదిగా కావలెను. ఆ కోరికతో గణితమును, భౌతికశాస్త్రమును చక్కగా నేర్చినవాడు ఆకాశమునకు పోకున్నను చెడిపోడు.

విద్యార్థులారా, మీరు గణితమును ప్రతిదినము అభ్యసింపుడు. చూచినదానిని తేదీతో, గంటతో పుస్తకమున వ్రాసికొనుడు. వ్యాయామమును విడువకుడు, అంతరిక్ష కేంద్రమునందలివారు కండరములు, ఎముకలు క్షీణింపకుండుటకై దినమునకు సుమారు రెండు గంటలు వ్యాయామము చేయుదురు. తోడివారితో కలహింపక పనిచేయ నేర్చుకొనుడు; ఇరుకైన నౌకలో కోపిష్ఠునకు చోటులేదు.

ఈ దిగువ అభ్యాసములను చేసి మాకు చూపుడు.

1. 400 కిలోమీటర్ల యెత్తున భూమిచుట్టు దారి సుమారు 42,500 కిలోమీటర్లు. కేంద్రము నిమిషమునకు సుమారు 460 కిలోమీటర్లు పోవును. ఒక ప్రదక్షిణమునకెన్ని నిమిషములు? ఒక దినమున నెన్ని సూర్యోదయములు? ఈ లెక్కకు యంత్రము వలదు. మన మార్కాపురపు పలక చాలును.

2. త్రాడు తెగిన చేద దృష్టాంతమును మీ యింటివారికి మీ మాటలలో వివరింపుడు. వారడిగిన ప్రశ్నలను వ్రాసి తెండు.

3. ఆ కేంద్రము కొన్ని దినములలో సూర్యోదయమునకు ముందుగాని, సూర్యాస్తమయమైన పిదపగాని మన యూరిమీదుగా పోవును. మినుకుమినుకుమనక, చప్పుడు లేక, దీపమువలె కదలిపోవు చుక్క యది. దీపకాంతి తక్కువగు నల్లమల యంచుపల్లెలలో మరింత చక్కగా కానవచ్చును. పడమటినుండి వచ్చి తూర్పువైపునకు సాగిపోవును. మేడమీద నిలిచి, అది ఎన్ని నిమిషములు కనబడెనో, ఏ వైపున మాయమయ్యెనో గుర్తింపుడు. మరల పాఠశాలకు వచ్చునపుడు ఆ లెక్కను వెంట తెండు.