తలకాయ ఫిల్ముల దగ్గర నేర్చుకున్నవి

గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ టెక్నీషియన్‌గా చేసి, రిటైరయ్యాక సత్తెనపల్లి వచ్చేశాను. ఇప్పటికీ బజారులో ఎవరింట పెద్దవాళ్లకి మతి తప్పినా ఫిల్ముల కవరు మా అరుగు మీదికొస్తుంది. జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని. నేను చెప్పేవి ఇవే.

1. చాదస్తమని కొట్టేయొద్దు. తెలిసిన చేనికే దారి తప్పుతున్నా, పత్తి అమ్మిన డబ్బు లెక్క తెగకపోయినా చూపించాల్సిందే. మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే మతి తగ్గే జబ్బు, ఉందని అంచనా. అంటే ముసలితనం వచ్చిన ప్రతివాళ్లకీ వచ్చేది కాదన్నమాట.

2. ముందు వెతకాల్సింది బాగయ్యే జబ్బుని. బండి మీంచి పడ్డాక, బాత్‌రూంలో జారాక, కొన్ని వారాలకి మెదడు పైపొరల కింద నెత్తురు చేరి మనిషి మందగిస్తాడు. సీటీలో అది దొరుకుతుంది, ఆపరేషన్‌తో చాలామంది తేరుకుంటారు. మెదడు గదుల్లో నీరు పెరిగి నడక తడబడి, మూత్రం ఆగక, మతి తగ్గేది ఇంకోటి. బి12, థైరాయిడ్ లోపాలు తేల్చేది మాత్రం రక్తపరీక్షే. వేలు పోసి ఎమ్మారై తీయించి ఆ పరీక్ష మానేస్తే నాకు ఒళ్లు మండుద్ది.

3. మెదడు కుదించుకుపోయిందా అని కాదు, ఎక్కడ అని అడగండి. వయసుతో అందరి మెదడూ కాస్త తగ్గుతుంది. పుర్రె తగ్గదు కనక ఆ సందుల్లో నీరు నిండుతుంది. ఎండిన మిరపకాయలో గింజలు వదులైనట్టే. రిపోర్టులో 'ఎట్రోఫీ', అంటే కుదింపు, అన్న మాట చూసి హడలిపోకండి. అల్జీమర్స్‌లో తొందరగా దెబ్బతినేది హిప్పోక్యాంపస్. కణతల లోపలివైపు, రెండు పక్కలా ఉంటుంది. కొత్త సంగతులు మనసున నిలవాలంటే అది పనిచెయ్యాలి. అందుకే పొద్దున తిన్నది మరిచిన పెద్దాయన 1967లో నాగార్జునసాగర్ కాలవకి నీళ్లొదిలిన సంగతి పూసగుచ్చినట్టు చెప్తాడు.

హిప్పోక్యాంపస్‌ని సరిగ్గా చూడాలంటే కరోనల్ ముక్కలు, అంటే ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా నిలువుగా కోసినట్టు తీయాలి. నెదర్లాండ్స్ డాక్టరు షెల్టెన్స్ బృందం 1992లో ఈ తరుగుదలకి 0 నుంచి 4 దాకా మార్కులు పెట్టింది. 75 దాటినవాళ్లకి 2 వచ్చినా సాధారణంగా వయసు కిందే లెక్కేస్తారు. డాక్టరు స్లిప్పు మీద 'తలనొప్పి' అని ఉంటే ఆ ముక్కలు తీయకపోవచ్చు. 'మతిమరుపు' అనే రాయించుకోండి.

4. ఎమ్మారైలో తెల్ల మచ్చలు కనపడితే బీపీ, షుగరు చూపించుకోండి. సన్న రక్తనాళాలు దెబ్బతిన్నప్పుడు వచ్చే మచ్చలవి. మాత్రలు మానేసినవాళ్ల ఫిల్ముల్లో చాలా చూశాను.

5. మెదడుని కంప్యూటరుతో కొలిపిస్తే, అది ఎవరి మెదడుతో పోలుస్తోందో చూడాలి. కెనడాలో ఎక్కువగా తెల్లవాళ్ల మెదళ్లతో కట్టిన నమూనానే లోకంలో చాలాచోట్ల వాడుతూ వచ్చారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో మన నమూనా కట్టింది. పాశ్చాత్యుల కంటే మన మెదడు సగటున ఎత్తులో, వెడల్పులో చిన్నదని తేలింది. ఇది తెలియక కొలిస్తే బాగున్న మెదడునీ తరిగిందనుకోవచ్చు. అయితే ఆ నమూనాకి తీసుకున్నవాళ్లు పడుచువాళ్లు. పెద్దవాళ్లకి కావాల్సింది వేరే.

6. డాక్టరు దగ్గరికి రోజూ అన్నం పెట్టే మనిషి తోడు రావాలి. ఫిల్ము ఒక్కటే అంతా చెప్పదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల్ని పరిశీలించి 2013లో అచ్చేసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువురానివాళ్లలో కూడా. ఒకే రకం తరుగుదల ఉన్నా ఒకరు లెక్కలు చూసుకుంటారు, ఇంకొకరు గుమ్మం గుర్తుపట్టరు. ఆ తేడా కోడలికి తెలుస్తుంది. అమెరికా కొడుకు ఫోన్లో ఏం చెప్తాడు?

7. పాత ఫిల్ములు పారేయొద్దు, సీడీ కూడా అడిగి తీసుకోండి. మళ్లీ తీయించాల్సొస్తే వీలున్నంతవరకు అదే మిషన్ మీద తీయించి, రెండూ పక్కపక్కన పెట్టమనండి.