గది లోపల గ్రూపు ఫోటో – అందరి ముఖాలూ కనపడాలంటే

పదో తరగతి అక్కల వీడ్కోలు ఫోటో దగ్గర పడుతోంది. గది లోపల, ఖర్చు లేకుండా, మంచి వెలుతురుతో ఫోటో ఎలా తీయాలో ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను.

ఫోటో రోజు మనమందరం పౌడరు దండిగా పూసుకుంటాం. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు వస్తుంది. కొంచెం నల్లగా ఉన్న పిల్లల్ని "నువ్వు వెనక్కి పో" అంటారు. ఇది తప్పు. ముఖం కనపడకపోవడానికి కారణం మన రంగు కాదు, వెలుతురు చాలకపోవడం. కిందటి ఏడు ఫోటోలో వెనక వరుసలో ఉన్న ఒక అక్కని వాళ్ళమ్మే గుర్తు పట్టలేదు. వేలు పెట్టి వెతుకుతుంటే అక్కే చూపించింది. మన అమ్మల్లో చాలామంది మార్కుల కాగితం చదవలేరు. ఫోటో అయితే అందరూ చూస్తారు.

ఫిల్ము కెమెరాల కాలంలో కూడా ఈ తేడా ఉంది. 1950ల నుండి కొడాక్ కంపెనీ, రంగులు సరిచూసుకోడానికి స్టూడియోలకు ఒక తెల్లజాతి యువతి ఫోటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె ముఖం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టే. 1990లలో గానీ రకరకాల చర్మపు రంగులవారితో కార్డులు చేయలేదు.

ఇప్పుడు పద్ధతి చెప్తాను.

1. ఫ్లాష్ ఆపేయాలి. దూరం 2 రెట్లు అయితే వెలుతురు 4వ వంతే అందుతుంది. ముందు వరుస 4 మీటర్లలో, వెనక వరుస 6 మీటర్లలో ఉంటే లెక్క 36 లో 16 వంతులు. అంటే వెనకోళ్ళకి సగం కూడా రాదు.

2. డైనింగు హాలు కిటికీలు, తలుపులు అన్నీ తెరవాలి. కిటికీలు మన ముఖాలకి ఎదురుగా ఉండాలి, వీపు వెనక ఉండకూడదు. ఎండ నేరుగా పడని వైపు మంచిది. మబ్బు పట్టినా భయం లేదు, ఆ వెలుతురు మెత్తగా ఉంటుంది. పసుపు బల్బులు ఆర్పేయాలి. లేకపోతే కొన్ని ముఖాలు పచ్చగా, కొన్ని నీలంగా వస్తాయి.

3. ముందు వరుస ఎదురుగా నేల మీద తెల్ల దుప్పటి పరవాలి. దాని మీద పడిన వెలుతురు పైకి తిరిగొచ్చి కళ్ళ కింద నీడ తగ్గిస్తుంది. కిటికీ ఒక పక్కనే ఉంటే, రెండో పక్క ఇద్దరు తెల్ల చార్టులు పట్టుకుని నిలబడాలి.

4. వెనక సున్నం గోడ, మనవి తెల్ల చొక్కాలు. ఇంత తెలుపు చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. అందుకని ఫోన్లో ఒక ముఖం మీద వేలు నొక్కి, సూర్యుడి గుర్తు కొంచెం పైకి జరపాలి. గోడ మరీ తెల్లబడినా పరవాలేదు, ఫోటో గోడకి కాదు కదా!

5. 40 మంది అయితే 4 వరుసలు: నేల మీద, కుర్చీల్లో, నిలబడి, బెంచీల మీద. వరుసలు నెలవంకలా కొంచెం వంగాలి. ఫోన్ని బల్ల మీద పుస్తకాల దొంతరకి ఆనించి 10 సెకన్ల టైమరు పెడితే కదలదు, మసక రాదు. 0.5 లెన్సు వాడితే చివర ఉన్నోళ్ళ ముఖాలు సాగిపోతాయి. కనీసం 8 ఫోటోలు తీయాలి, ఎవరో ఒకరు కన్ను మూస్తారు.

దుప్పటి, బల్ల, బెంచీలు హాస్టల్లోనే ఉన్నాయి. ఖర్చు రెండు చార్టులు మాత్రమే.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఫోటో తీసిన వెంటనే, ఎవరినీ కదలనీయకుండా, ఫోన్లో పెద్దది చేసి వెనక వరుస నుండి చూడండి. ఒక్క ముఖం కనపడకపోయినా మళ్ళీ తీయవలసిందిగా కోరుచున్నాను. చార్టు పట్టుకోడానికి నేను వస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని