జీతము విడిచి స్వంత వృత్తికి

పట్టణములోని వర్క్‌షాపులో పది పండ్రెండేండ్లు పంపుసెట్టు మోటారులకు వైండింగు చేసిన పనివాడు స్వగ్రామమునకు తిరిగివచ్చి, బస్సు ఆగు చోట చిన్న గది అద్దెకు తీసికొని, స్వంతముగా పని ప్రారంభించుట నేడు అనేక గ్రామములలో చూచుచున్నాము. వస్త్ర కర్మాగారములో కుట్టుపని చేసిన స్త్రీ ఇంటివద్దనే మిషను పెట్టుకొనుచున్నది. వీరిలో కొందరు రెండేండ్లు తిరుగకుండగనే గది ఖాళీచేసి మరల జీతమునకు పోవుటయు మనమెరిగినదే. వారికి పనితనము లేదనుకొనుట పొరపాటు. పదేండ్లు పనిచేసిన చేయి పనిని మరువదు. వారు కొత్తగా నేర్వవలసినది వేరొకటి కలదు. ఆ నేర్పు అలవడుటకు గ్రామము యొక్క సహకారము కూడ కావలెను.

ఇది పంచాయతీకి సంబంధింపని విషయము కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. చిన్న పరిశ్రమలు, ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు, సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య అందులోనివే. కావున జీతగాడు స్వతంత్ర వృత్తిదారుగా మారునపుడు అతనిలో ఏ మార్పు రావలెనో, అందుకు తామేమి చేయగలరో సభ్యులు తెలిసికొనుట అవసరము.

యజమాని చేసిన పని

వర్క్‌షాపులో పనివాడు మోటారు విప్పి, కాలిన తీగను తీసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిషు పూసి ఆరబెట్టి, పరీక్షించి ఇచ్చును. అంతటితో అతని పని ముగియును. ఆ మోటారు వచ్చుటకు ముందును, పోయిన తరువాతను జరుగు పని వేరొకరిది. రైతుతో ధర మాట్లాడినది యజమాని. రాగితీగ కొని నిలువ ఉంచినది, బాకీ వసూలు చేసినది, పని తక్కువైన వారములో కూడ జీతమిచ్చినది యజమానియే. సంబంధిత చట్టములు వర్తించు సంస్థయైనచో, సాధారణముగ జీతములో నూటికి 12 వంతున భవిష్యనిధికి, నూటికి 3.25 వంతున ఇ.ఎస్.ఐ. వైద్య సౌకర్యమునకు తన వాటా చెల్లించినదియు అతడే.

జీతము విడిచిన దినముననే ఈ పనులన్నియు పనివాని నెత్తిన పడును. నిన్నటివరకు చేతిపని మాత్రమే చేసినవాడు నేటినుండి తనకు తానే యజమానియు, గుమాస్తాయు, జీతగాడును కావలెను. వృత్తిలో ఎదుగుట యనగా ఈ మూడింటిని నేర్చుకొనుటయే.

దినమునకు ఎంత తీసికొనవలెను?

మొదట నేర్వవలసినది లెక్క. నెలకు 15,000 రూపాయల జీతముతో 26 దినములు పనిచేసిన వానికి దినమునకు సుమారు 577 రూపాయలు పడును. స్వంత పని పెట్టగానే దినమునకు 600 వచ్చిన చాలునని అతడు తలచును. ఈ తలపే అతనిని ముంచును. ఉదాహరణకు ఒక నెల లెక్క ఇట్లు వేయుదము.

ఇంటి ఖర్చు 15,000, గది అద్దె 2,500, కరెంటు 1,000, పనిముట్ల అరుగుదల 1,000, రాకపోకలు, ఫోను 1,000, జబ్బునకు, ముసలితనమునకు దాచవలసినది 2,500. మొత్తము 23,000 రూపాయలు. ఇక దినములు. ముప్పది దినములలో నాలుగు సెలవునకు పోవును. సామాను కొనుటకు, బాకీలకు తిరుగుటకు, పనిలేక ఊరకుండుటకు మరి ఆరు పోవును. కూలి గిట్టు దినములు ఇరువది మాత్రమే. 23,000ను 20 చేత భాగించినచో 1,150 వచ్చును. రాగితీగ, బేరింగుల ఖరీదు దీనికి వేరు.

అట్లుగాక 600 చొప్పున తీసికొన్నచో ఇరువది దినములకు వచ్చునది 12,000. అందులో అద్దె, కరెంటు మొదలగు 5,500 పోగా ఇంటికి 6,500 మిగులును. జబ్బునకు పైసా దాచకున్నను అది పాత జీతములో సగమైనను కాదు. ఈ అంకెలు ఊరూరికి మారును గాని లెక్కవేయు పద్ధతి మారదు. తన ధరను ఇట్లు లెక్కించి, కోపము లేకుండ రైతునకు వివరింపగలుగుటయే స్వతంత్ర వృత్తిదారుని మొదటి మెట్టు.

అలవడవలసిన గుణములు

రెండవది మాట నిలుపుకొనుట. మేస్త్రీ అదలించినందున వేళకు వచ్చినవాడు, అదలించువాడు లేనపుడును వేళకు దుకాణము తెరువవలెను. పైరు ఎండుచున్న రైతునకు 'రేపు' అని చెప్పి నాలుగు దినములు త్రిప్పినచో ఆ రైతు మరల రాడు. చేయలేని పనిని మొదటనే చేయలేనని చెప్పుట కూడ మాట నిలుపుకొనుటయే. నోరు మంచిదైతే ఊరు మంచిదను సామెత ఈ వృత్తికి మిక్కిలి వర్తించును.

మూడవది రెండు సంచుల నియమము. దుకాణపు సొమ్ము వేరు, ఇంటి సొమ్ము వేరు. వేసవిలో భూగర్భజలము దిగి, వోల్టేజి తగ్గినపుడు మోటారులు ఎక్కువగా కాలును. వానలు బాగుగ పడిన నెలలలో పని తగ్గును. వేసవిలో వచ్చినదంతయు ఇంటికి చేర్చినచో వానకాలమున అప్పు తప్పదు. నెలకు ఇంత యని తనకు తాను జీతము నిర్ణయించుకొని, మిగిలినది వేరు బ్యాంకు ఖాతాలో ఉంచినవాడు తక్కువ పని గల నెలలను దాటగలడు.

నాలుగవది పనిని పూర్తిగా నేర్చుట. వస్త్ర కర్మాగారములో ఒకరు కాలరు, వేరొకరు చేయి, మరియొకరు గుండీ కాజాలు కుట్టుదురు. అయిదేండ్లు చేతులే కుట్టిన స్త్రీ వేగములో దిట్టయైనను, కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, రవిక పూర్తిచేయుట మరల నేర్వవలసి యుండును. అట్లే పాత మోటారు తెలిసిన మెకానిక్కు సౌరపంపు కంట్రోలరును తెలిసికొనవలెను. 2019లో మంజూరైన పి.ఎం. కుసుమ్ పథకముచే సౌరపంపులు పొలములలోనికి వచ్చుచున్నవి. వర్క్‌షాపులో సందేహము తీర్చుటకు తోటివారుండిరి. ఒంటరిగా పనిచేయువానికి ఆ తోడు లేదు. మండలములోని ఒకే వృత్తివారు నెలకొకమారు కలిసికొన్నచో ఈ లోటు కొంత తీరును.

విడుచుటకు ముందు

యజమానితో తగవుపడి ఒక్క దినమున జీతము మానుట మంచిది కాదు. ఆరునెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకొనుట, సెలవు దినములలో చిన్న పనులు చేసి గిరాకీని పరీక్షించుట, పాత యజమానితో సఖ్యముగ ఉండుట మేలు. పని ఎక్కువైనపుడు ఆ యజమానియే కొంత పని పంపవచ్చును.

పంచాయతీ చేయదగినవి

గ్రామములోని వీధిదీపములు, మంచినీటి మోటారులు చెడినపుడు పనివానిని పిలుచునది పంచాయతీయే. బిల్లు నెలలకొలది నిలిచిపోయినచో అతని రాగితీగ అప్పుపై వడ్డీ పెరుగును. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. 2020 జులై 1 నుండి అమలులో నున్న ఉద్యం నమోదునకు రుసుము లేదు. ఆధారు కావలెను. ఈ నమోదు చేయించుటకు సభ్యులు సహాయపడవచ్చును.

జిల్లాలలో బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో భోజన వసతులతో ఉచిత శిక్షణ లభించును. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో నెలకొల్పబడిన సంస్థ వీటికి మాదిరి. 2015లో ప్రారంభమైన ముద్రా పథకములో తాకట్టు లేకుండ అప్పు లభించును; మొదటి తరగతిలో 50,000 రూపాయల వరకు ఇత్తురు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో వడ్రంగము, కమ్మరము, కుమ్మరము, దర్జీపని మొదలగు 18 వృత్తులు కలవు. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామములలో పంచాయతీ స్థాయిలోనే జరుగును. మోటారు మెకానిక్కు ఆ జాబితాలో లేడు గనుక అతనిని ముద్రా అప్పునకు పంపుట తగును. విద్యుత్తుతో పనిచేయువారిచే సురక్షా బీమా తప్పక చేయింపవలెను. ఏడాదికి 20 రూపాయల ప్రీమియముతో, ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఊరివారి వైఖరి. పట్టణములో అడిగినంత ఇచ్చి వచ్చువారు ఊరి పనివానితో 'మనవాడవే గదా' అని సగము తగ్గింతురు. మిగిలిన సగము పంట తరువాత ఇత్తుమందురు. ఇంటివద్ద కుట్టు స్త్రీకి ఇట్టి కష్టము ఇంకను ఎక్కువ. ఆమె ఇంటనే యున్నది గనుక ఆమె కాలమునకు ఖరీదు లేదని బంధువులు తలంతురు. పొరుగింటి పుల్లకూర రుచియనుకొని మోటారును పట్టణమునకు మోసికొనిపోవుట వలన రైతునకు బండికూలియు, రెండు దినముల తడియు నష్టము. సర్పంచు, సభ్యులు తమ ఇంటి బాకీలు మొదట తీర్చినచో ఊరివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పంచాయతీ సమావేశములో చర్చకు

1. గత అయిదేండ్లలో మన గ్రామమునకు తిరిగివచ్చి స్వంత వృత్తి పెట్టినవారెందరు? వారిలో ఎందరు మానిరి? ఎందువలన?
2. నేటికి మన పంచాయతీ ఏ పనివానికి ఎంత బాకీ యున్నది? ఎన్ని దినముల నుండి?
3. మన గ్రామములో ఉద్యం నమోదు, ప్రమాద బీమా లేని వృత్తిదారులెవరు?
4. పట్టణమునకు పోయి చేయించుకొనుచున్న ఏ పనులు మన ఊరిలోనే జరుగగలవు?