మధుమేహ వ్రణములు – హైడ్రోజెల్ కట్టు

విద్యార్థులారా! కరీంనగరు వరిమడులలోను, ఆదిలాబాదు ప్రత్తిచేలలోను చెప్పులు లేక నడచువారికి ముల్లు గ్రుచ్చుకొనుట క్రొత్త కాదు. ఆరోగ్యవంతునకు అది రెండుదినముల బాధ. మధుమేహము గలవానికి కాలు పోగొట్టునంతటి యాపద కావచ్చును. కారణములు మూడు. రక్తమందు చక్కెర చిరకాలము హెచ్చుగా నుండుటచే పాదముల నరములు చెడి స్పర్శ నశించును. ముల్లు దిగినను తెలియదు. రక్తనాళములు ఇరుకై పుండునకు చాలినంత రక్తమందదు. క్రిములతో పోరు తెల్లకణముల శక్తియు సన్నగిల్లును. అందుచే పుండు చీముపట్టి యెముకవఱకును పోవచ్చును.

నొప్పి లేకుండుటయే యిచ్చట గొప్ప శత్రువు. గత శతాబ్దమున వేలూరి మిషను వైద్యుడు పాల్ బ్రాండు, కుష్ఠరోగుల పాదములు చెడుటకు స్పర్శలేమియే ముఖ్యకారణమని గ్రహించెను. ఆ జ్ఞానము తరువాత మధుమేహ రోగులకును ఉపకరించెను.

పుండు ఎండిననే మానునని మనవారి నమ్మకము. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై పరీక్షించి, తడియారకుండ కప్పిన గాయమే శీఘ్రముగా మానునని చూపెను. అట్టి తడిని నిలుపునది హైడ్రోజెల్. నానిన సబ్జాగింజ చుట్టునున్న జిగురుపొరను చూడుడు. సన్నని పోగుల వలలో నీరు చిక్కుకొని యున్నది. హైడ్రోజెల్ తీరును అదియే. ప్రత్తిలోనుండు సెల్యులోజునుండి చేసిన పదార్థముతోను ఇట్టి కట్లు తయారగును. అవి చచ్చిన కండను మెత్తబఱచును. పుండున కంటుకొనక యూడివచ్చును. అయితే చీము మిక్కిలి కారు పుండునకు పీల్చునట్టి కట్టు కావలెను.

ఈ జెల్లులో వెండిని గాని క్రిమిసంహారక ఔషధమును గాని చేర్చి, అది మెల్లగా వెలువడునట్లు చేయ శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. వీనిలో పెక్కు ఇంకను ఎలుకలపై పరీక్షలయందే యున్నవి. మధుమేహ పాదమును గూర్చి 2023లో వెలువడిన అంతర్జాతీయ సూత్రములు, పుండు మాన్పుటకై క్రిమిసంహారకములు గల కట్లను వాడవలదనియే చెప్పుచున్నవి. చచ్చిన కండను వైద్యుడు తొలగించుట, క్రిములను చంపు మందు లోనికిచ్చుట, చక్కెరను అదుపున నుంచుట, పుండుపై బరువు మోపకుండుట – ఇవియే ప్రధానములు. కట్టు వీనికి తోడు మాత్రమే.

కావున ప్రతి సాయంకాలము మీ యింటి పెద్దల పాదములను దీపపు వెలుగున చూడుడు. వ్రేళ్ళసందులు, మడమపగుళ్ళు, ఎఱ్ఱదనము, వాపు, దుర్వాసన – వీనిని గమనింపుడు. ఏ చిన్న పుండు కనబడినను పసరు, సున్నము పూయక, ఆ దినమే ఆస్పత్రికి తోడ్కొని పొండు. వారి పాదములకు లేని స్పర్శకు మీ కన్నులు బదులు కావలెను. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును కొలుచు మనకు ఈ సేవ చిన్నది కాదు.