సజ్జ వేళ్ల దోస్తు

మా చల్క చేనుకు నాయిన ఏటా అప్పు చేసి డీఏపీ బస్తా తెస్తడు. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. వేళ్లు పెరగటానికి, గింజ కట్టటానికి భాస్వరం అవసరం. కానీ అది నీళ్లతో కదలదు, మట్టికి అంటుకొని ఉంటుంది. వేరు తన పక్కనున్నదే తీసుకోగలదు.

అప్పుడు సాయం చేసేది మైకోరైజా అనే శిలీంధ్రం. అంటే మంచి బూజు. ఇది వేరు లోపల కాపురం పెట్టి, సన్నటి పోగులను దూరం పంపి భాస్వరం తెచ్చిస్తది. బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. అయితే బూజు భాస్వరాన్ని పుట్టించదు, నేలల ఉన్నదే అందిస్తది. భాస్వరం ఎరువు ఎక్కువేస్తే ఈ దోస్తీ తగ్గుతుంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 30 సజ్జ రకాలను పరీక్షించారు. వేళ్లకు బూజు పట్టేదీ, దానితో మొక్కకు కలిగే లాభమూ రకానికో తీరు ఉన్నాయని 1985లో ప్రకటించారు.

మా అవ్వ పాత సజ్జ విత్తనం సొరకాయ బుర్రల దాచింది. కొత్తది కొందాం, అది పారేయమన్నడు నాయిన. దాని వేళ్లకు ఎంత దోస్తీ ఉందో ఎవ్వరూ చూడలేదు. చూడకముందే పారేయొద్దు నాయినా అన్న. మీ ఇంట్ల గూడ చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని